మేకను కూడా అడుగుతారు



ముందే చెప్తున్నా, ఇది పొడుగు పోస్టు. పోయినసారి స్కాలర్‌షిప్ రెన్యువల్ గురించి రాస్తే "తమ్ముడూ, ఇది పోస్టా, పరీక్ష పేపరా" అని ఒకన్న అడిగాడు. ఈసారి ఇంకా పెరిగింది. మతం సంగతి ఉంది కాబట్టి కొందరికి కోపం కూడా రావచ్చు. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మార్చి 29న గుడ్ ఫ్రైడే. పొద్దున ఆరింటికే అమ్మ ఫోన్. "ఇవ్వాళైనా చర్చికి పోరా. ఏడు మాటలు విను. నాకోసం పో" అంది. మాది దుమ్ముగూడెం మండలం, కోయోళ్ళం. నేను సనత్‌నగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గేటు దాటినవాణ్ణి నేనే మొదలు. అమ్మ చర్చికి పోతుంది. నాన్న పోడు, నాన్నది వేల్పుల దారి. నేను ఎటు అని ఎవరన్నా అడిగితే "హాస్టల్" అని చెప్పి తప్పించుకుంటా.

ఆరోజు మాత్రం పోయా. ఇండస్ట్రియల్ ఎస్టేట్ షెడ్లు దాటి బోరబండ వైపు పోయే ఒక సందులో, ఇంటి మీద అంతస్తులో రేకుల కింద ఉంటుంది ఆ చర్చి. కింద వెల్డింగ్ షాపు. సెలవు రోజైనా షాపు తెరిచే ఉంది, అందుకని మొదటి రెండు మాటలు గ్రైండర్ చప్పుడుతో కలిపి విన్నాం. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. నా దగ్గర తెల్ల చొక్కా లేక లేత నీలం కాలేజీ చొక్కాతో పోయి వెనక కూర్చున్నా. ఎక్కువమంది చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్ళే, కొందరు షిఫ్ట్ మధ్యలో వచ్చి పోతున్నారు.

తెలియనివాళ్ళకి: యేసు సిలువ మీద ఉన్నప్పుడు ఏడుసార్లు మాట్లాడాడని నాలుగు సువార్తలూ కలిపి చూస్తే తెలుస్తుంది. గుడ్ ఫ్రైడే రోజు పన్నెండు నుంచి మూడు దాకా ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగం చేస్తారు. మధ్యలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి పాడతారు. నీళ్ళు కూడా తాగనివాళ్ళు ఉంటారు.

మొదట పాస్టర్ గారు మొత్తం సంగతి ఇట్లా చెప్పాడు. మనిషి పాపం చేశాడు. దానికి శిక్ష చావు. దేవుడు న్యాయం తప్పడు కాబట్టి శిక్ష వేయకుండా ఉండలేడు. ప్రేమ ఉన్నవాడు కాబట్టి మనల్ని చంపలేడు. అందుకని తన ఒక్కగానొక్క కొడుకుని మన బదులు బలి ఇచ్చాడు. అందరూ ఆమెన్ అన్నారు. నా ముందు వరసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకు మాత్రం లోపల ఏదో అడ్డం పడింది. కొడుకుని అడిగాడా మరి?

ఇది వాదన కోసం పుట్టిన ప్రశ్న కాదు. నేను బలి చూసి అప్పటికి ఐదు వారాలే అయింది. ఆ బలి నా బదులు ఇచ్చింది.

ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. ఇక్కడున్న సగంమంది పోయే ఉంటారు. మేం చర్ల, వెంకటాపురం దాటి, ముల్లకట్ట వంతెన మీదుగా ఏటూరునాగారం చేరి అక్కడినుంచి పోయాం. ట్రాక్టర్‌లో పదకొండుమందిమి, ఒక మేక, యాభై రెండు కిలోల బెల్లం. యాభై రెండు నా బరువు. నిలువెత్తు బంగారం మొక్కు అది.

ఆ మొక్కు 2010 నాటిది. నాకు ఆరేళ్ళు, మలేరియా మెదడుకెక్కింది. మన ఏజెన్సీలో ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. మంచం మీద వేసి మోసుకుపోయారట. నాన్న దారిలోనే సమ్మక్కకు మొక్కుకున్నాడు: పిల్లోడు బతికి పెద్ద చదువుకి పోతే మేకని ఇస్తా, నిలువెత్తు బంగారం ఇస్తా అని. ఆస్పత్రిలో అమ్మ దగ్గర ఒక నర్సమ్మ కూర్చుని, చేయి పట్టుకుని రాత్రంతా ప్రార్థన చేసిందట. నేను బతికాను. ఎవరివల్ల అన్నది పద్నాలుగేళ్ళయినా మా ఇంట్లో తేలలేదు. (సెలైన్ సీసా పేరు ఎవరూ ఎత్తరు.) అప్పటినుంచి అమ్మ ఆదివారం ఆదివారం చర్చికి పోతోంది. నాన్న వద్దనలేదు. అమ్మ కూడా నాన్న మొక్కుని ఆపలేదు. డబ్బుల్లేక, తరవాత నాన్న కాలు విరిగి, ఆ మొక్కు అట్లానే ఉండిపోయింది. నేను 2022లో డిగ్రీలో చేరాక వచ్చిన మొదటి పెద్ద జాతర ఇదే.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతా. మా అమ్మలాంటోళ్ళని చూసి "మతం మారితే ఎస్టీ లిస్టులోంచి తీసేయాలి" అని ఈ గ్రూపులోనే ఒకరిద్దరు రాశారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎస్సీలకు మతం షరతు ఉంది, ఎస్టీలకు లేదు. చదివి మాట్లాడండి. ఇంకోటి, చర్చి మా దగ్గరికి నిన్న మొన్న రాలేదు. 1860ల్లో గోదావరి మీద పడవల దారి కోసం దుమ్ముగూడెం ఆనకట్ట పనులు నడిచినప్పుడు, హేగ్ అనే ఇంజనీరు దొర పూనుకుంటే కోయల కోసం మిషన్ మొదలైంది. తరవాత జాన్ కెయిన్ అనే మిషనరీ ఏళ్ళ తరబడి అక్కడే ఉండి మన గురించి పత్రికల్లో వ్యాసాలు కూడా రాశాడు. పడవల పథకం ఆగిపోయింది. ఆనకట్ట ఉంది, చర్చి ఉంది, మనమూ ఉన్నాం. అందరూ ఒక ముద్దకూ ఒక రొట్టెకూ ఆశపడి పోయారనుకోవడం మన పెద్దోళ్ళని చిన్నచేయడమే. మా అమ్మ అయితే ఒక రాత్రి చేయి పట్టుకున్న మనిషి కోసం పోయింది.

మేకకి వస్తా.

గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి వస్తుంటే ఎదురుకోళ్ళు ఎగరేయడం, ఆ జనం, ఆ దుమ్ము, అవన్నీ మీరు చూసినవే. మా మేక మొక్కు మరుసటి రోజు, మేం దిగిన చెట్టు కిందే. తాత దాని మెడలో వేపమండ కట్టి, పసుపు నీళ్ళు తల మీద, వీపు మీద చల్లాడు. చల్లి ఆగాడు. మేక కదల్లేదు. మళ్ళీ చల్లాడు. అది నన్నే చూస్తోంది, లేదా నా చేతిలో ఉన్న ఆకుల్ని చూస్తోంది. కత్తి పట్టుకున్న మా బాబాయి "ఎండ ఎక్కుతోంది, కానిద్దాం" అన్నాడు. తాత వినలేదు. "అది ఒప్పుకోవాల. ఒప్పుకోకపోతే తోలుకుపోవాల్సిందే" అన్నాడు. మూడోసారి నీళ్ళు చల్లితే ఒళ్ళంతా విదిలించింది. అందరూ సంతోషంగా అరిచారు. ఒక్క దెబ్బకి అయిపోయింది.

పక్కనున్న మా బావతో నేను మెల్లగా అన్నా: "చెవిలో నీళ్ళు పోస్తే ఎవడైనా విదిలిస్తాడు బావా." నవ్వాడు. నేనూ నవ్వా. అక్క వెనకే నిలబడి ఉంది, తను నవ్వలేదు. అప్పుడు పట్టించుకోలేదు నేను.

అమ్మ ఆ మాంసం తినలేదు. తినను అని చెప్పలేదు కూడా. ఆ ఏడు శ్రమల కాలం ఫిబ్రవరి 14నే మొదలైంది, ఈస్టర్ దాకా నలభై రోజులు నీసు ముట్టని వ్రతం. "నాకు ఉపవాసాలు కదా" అని పప్పుచారు పోసుకుంది. నాన్నకి తెలుసు అది సాకు అని. అమ్మకి తెలుసు నాన్నకి తెలుసని. "ఉపవాసం ఉన్నోళ్ళని బలవంతపెట్టకూడదు" అని నాన్నే అందరికీ చెప్పాడు. బైబిల్లో పౌలు కొరింథువాళ్ళకి రాసిన మొదటి ఉత్తరంలో ఇదే గొడవ ఉంటుంది, విగ్రహాలకి పెట్టిన మాంసం తినొచ్చా అని. తిన్నంత మాత్రాన ఏమీ కాదు గానీ పక్కవాడి మనసు నొప్పించకు అన్నట్టు చెప్తాడు. మా నాన్న అది చదవలేదు. నేను తిన్నా. నా కోసం చచ్చిన మేక అది, తినకుండా ఎట్లా ఉంటా?

చర్చిలో కూర్చున్నప్పుడు ఇదంతా తిరుగుతోంది తలలో. మనం మేకని దేవతకి ఇస్తాం. క్రైస్తవుల్లో దేవుడే మనిషికి ఇస్తాడు. దిక్కు తిరగబడింది. ఈ మతంలో అసలు సంగతి అదేననుకుంటా. పాత నిబంధనలో యూదులు కూడా గొర్రెల్ని, ఎడ్లని మనలాగే ఇచ్చేవాళ్ళు. హెబ్రీయులకు రాసిన పత్రికలో ఏముందంటే, ఆ బలులు ఏటేటా చేయాల్సి వచ్చిందంటేనే అవి సరిపోలేదని అర్థం, యేసు ఒక్కసారి ఇచ్చిన బలితో ఆ లెక్క ముగిసింది అని. అందుకే చర్చిలో కత్తీ లేదు, మేకా లేదు. ఆ బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం ఉంటాయి.

అయినా నా ప్రశ్న అట్లానే ఉంది. ఇంకొకణ్ణి ఇచ్చేవాడు త్యాగి ఎట్లా అవుతాడు?

ఇది నాకొక్కడికే వచ్చిన ప్రశ్న కాదని తరవాత చదివితే తెలిసింది. బలి విలువ ఎవరికి చెల్లించారు అని నాలుగో శతాబ్దంలోనే నజియాంజస్ గ్రెగరీ అనే బిషప్ అడిగాడు. సాతానుకా? వాడు దొంగ, దొంగకి అంత ఖరీదు కట్టడం సిగ్గుచేటు. తండ్రికా? అబ్రాహాము కొడుకునే వద్దన్నవాడు తన కొడుకు రక్తం ఎందుకు కోరతాడు? 11వ శతాబ్దం చివర ఆన్సెల్మ్ అనే ఆయన అది అప్పు లెక్క అన్నాడు: దేవుడి గౌరవానికి మనిషి పడిన బాకీ, మనిషే కట్టాలి, కానీ కట్టే స్తోమత దేవుడికే ఉంది, అందుకే దేవుడు మనిషయ్యాడు. ఆ తరవాతి తరంలో అబెలార్డ్ ఎదురు తిరిగాడు. తప్పు చేయనివాడి రక్తం అడగడం క్రూరం కాదా, సిలువ చెల్లింపు కాదు, ప్రేమ ఎంత దూరం పోతుందో చూపించడం అన్నాడు. మా పాస్టర్ గారు చెప్పింది ఆన్సెల్మ్ లెక్కనే శిక్ష లెక్కగా మార్చి చెప్పింది, ఐదొందల ఏళ్ళ కింద ప్రొటెస్టెంట్లతో బలపడింది. అంటే చర్చి లోపల కూడా ఒకే జవాబు లేదు. ఇది తెలిసినప్పుడు నాకు కొంచెం ఊపిరాడింది.

ఖరీదు అన్న మాట దగ్గర నాకు మనోళ్ళు గుర్తొచ్చారు. బైబిల్లో విమోచన క్రయధనం అనే మాట ఉంది, బానిసని విడిపించడానికి కట్టే సొమ్ము అని. గంజాం, విశాఖ కొండల్లో కోందుల మధ్య మెరియా అని నరబలి ఉండేదని బ్రిటిషోళ్ళు రాశారు. నేల తల్లికి ఇచ్చే మనిషిని డబ్బిచ్చి కొనాలి, కొనకపోతే ఆ బలి చెల్లదు. కొన్నాం కాబట్టి పాపం మా మీద లేదు అని చెప్పేవాళ్ళని ఆ ఆఫీసర్లు రాసుకున్నారు. దాన్ని ఆపడానికి 1845లో ప్రత్యేకంగా ఒక ఏజెన్సీ పెట్టారు, తరవాత మనిషి బదులు దున్నపోతు వచ్చింది. రాసింది దొరలు కాబట్టి ఎంత నిజమో, ఎంత పెంచారో జాగ్రత్తగా చూడాలి. ఫెలిక్స్ పాడెల్ అనే ఆయన దీని మీద 1995లో పెద్ద పుస్తకం వేశాడు. నరబలి ఆపుతామని వచ్చినోళ్ళు ఊళ్ళు తగలబెట్టి, అడవి లాక్కుని, మొత్తం జాతినే ఇంకో దేవుడికి బలి పెట్టారు అన్నది అందులో వాదన. ఆ దేవుడి పేరు ఒకప్పుడు సర్కారు, ఇప్పుడు అభివృద్ధి.

మా మేనత్త వాళ్ళది వేలేరుపాడు మండలం. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రలో కలిపినప్పుడు అదీ పోయింది. ఒకసారి వాళ్ళ ఊరి మీటింగుకి నేనూ పోయా, చిన్నప్పుడు. మైకులో ఒకాయన "మీ త్యాగం మర్చిపోలేనిది" అన్నాడు. మా మామ పక్కోడితో అన్నాడు, "మనం ఎప్పుడు చేశాం త్యాగం? పీకేస్తుంటే త్యాగమంటాడేంది?" పెసా చట్టం 1996లో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని ఉంది అందులో. సంప్రదించడం వేరు, ఒప్పుకునేదాకా ఆగడం వేరు. మా తాత మేక దగ్గర మూడుసార్లు ఆగాడు.

సరే, అడగడం గురించి ఇంకో రెండు ముక్కలు. అబ్రాహాము కథ మీకు తెలిసే ఉంటుంది. దేవుడు కొడుకుని బలి ఇమ్మంటే కొండ మీదకి తీసుకుపోతాడు. కట్టెలు పిల్లోడితోనే మోయిస్తాడు. దారిలో ఇస్సాకు అడుగుతాడు, నిప్పు ఉంది, కట్టెలు ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది నాన్నా అని. నాన్న సరిగా చెప్పడు. బైబిల్లో ఇస్సాకుని ఎవరూ అడగలేదు. పోయిన బక్రీద్‌కి మా క్లాస్‌మేట్ బోరబండలో వాళ్ళింటికి పిలిచాడు. వాళ్ళ నాన్న ఈ కథే చెప్పాడు, కానీ తేడాగా. ఖురాన్‌లో ఇబ్రహీం కొడుకుకి కల సంగతి చెప్పి, నువ్వేమంటావు అని అడుగుతాడట. కొడుకు ఒప్పుకుంటాడు. అదే కథ, ఒక్క ప్రశ్న ఎక్కువ. నాకు ఆ ఒక్క ప్రశ్న చాలా నచ్చింది. ఆరోజు బిర్యానీ కూడా బాగుంది, అది వేరే సంగతి.

యేసు సంగతి చూస్తే, చనిపోయే ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయన ప్రార్థన ఉంది. ఈ గిన్నె నా దగ్గరినుంచి తీసేయమని అడుగుతాడు. మత్తయి సువార్త ప్రకారం మూడుసార్లు పోయి ప్రార్థన చేస్తాడు. మూడుసార్లు! భయపడ్డాడు, చెమట పట్టింది, నిద్రపోతున్న స్నేహితుల్ని లేపాడు. చివరికి నీ ఇష్టమే కానీ అంటాడు. యోహాను సువార్తలో అయితే నా ప్రాణం ఎవరూ తీసుకోవట్లేదు, నేనే పెడుతున్నా అన్న అర్థం వచ్చే మాట ఉంది. చిన్నప్పుడు అమ్మ ఇవన్నీ చెప్పింది, కానీ నేను వినలేదు. ఆ మూడుసార్లు దగ్గర నాకు మా మేక గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

నాలుగో మాట మీద చెప్పడానికి ఒక కుర్రాడు లేచాడు. ఎస్టేట్‌లో ఏదో ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేస్తాడట, ఎడమచేతి రెండు వేళ్ళకి పై గణుపులు లేవు. నాలుగో మాట అంటే నా దేవా, నన్ను ఎందుకు వదిలేశావు అని యేసు అరిచిన మాట. కుర్రాడికి ప్రసంగం అలవాటు లేదు, కాగితం చూసి చదువుతున్నాడు, మధ్యలో కాగితం మడిచి జేబులో పెట్టాడు. "ఇక్కడ తండ్రి జవాబు చెప్పలేదు. నేను చాలాసార్లు ఆలోచించా. దేవుడు పైన కూర్చుని కొడుకుని పంపాడనుకుంటే నాకు కోపమొస్తది. మా సూపర్‌వైజర్ కూడా మమ్మల్నే పంపుతాడు మిషన్ కిందకి. కానీ మన నమ్మకం అట్ల లేదు కదా. సిలువ మీద ఉన్నది దేవుడే కదా. పంపినోడే వచ్చిండు. పైన ఎవరూ మిగల్లేదు, అందుకే జవాబు రాలే." ఇంతే చెప్పి కూర్చున్నాడు. పాస్టర్ గారు కొంచెం ఇబ్బందిగా దగ్గి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల గురించి రెండు వాక్యాలు కలిపాడు. బహుశా కుర్రాడు సిద్ధాంతం ప్రకారం ఎక్కడో గీత దాటాడు. నాకు మాత్రం మూడు గంటల్లో నిలిచింది ఆ రెండు నిమిషాలే.

పంపినోడే రావడం. ఇచ్చేవాడూ, ఇవ్వబడేవాడూ ఒక్కరే కావడం. అట్లా అయితేనే క్రైస్తవుల బలి బలి అవుతుంది, లేకపోతే అది ఒక తండ్రి చేసిన ఘోరం. అమ్మ పద్నాలుగేళ్ళుగా నమ్ముతున్నది ఆ మొదటిదే అనుకుంటా, ఆమెకి మాటల్లో చెప్పడం రాదు. అట్లా చూస్తే సమ్మక్క కూడా దూరం కాదు. ఆమె ఎవరినో పంపి గుట్ట మీద కూర్చోలేదు. కాకతీయుల పన్ను కట్టలేని కరువులో కొడుకు, కూతురు, అల్లుడు, భర్త అందరూ పోయాక తనే పోరాడి, గాయంతోనే చిలకలగుట్ట వైపు నడిచిపోయింది. తేడా ఉంది, పెద్ద తేడా. సమ్మక్క కత్తి పట్టింది, యేసు పట్టినవాణ్ణి వద్దన్నాడు. రెండూ ఒకటే అని నేను చెప్పట్లేదు, అట్లా చెప్తే నాన్నా, అమ్మా ఇద్దరూ ఒప్పుకోరు. కానీ ఇద్దరి దగ్గరా ఒకటి ఉంది: తమ బదులు ఇంకొకరిని ముందుకి తోయలేదు.

మా ఇంట్లో తోశారు.

రాయాలా వద్దా అని పది రోజులు ఆలోచించిన ముక్క ఇదే. మా అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. 2017లో పదో తరగతి 8.7 జీపీఏతో పాసైంది. మా ఆశ్రమ పాఠశాలలో ఆ ఏడు అదే ఎక్కువ. అదే ఎండాకాలం నాన్న తాటిచెట్టు మీంచి పడి కాలు విరిగింది. ఇంట్లో పనికి ఒక మనిషి కావాలి. నేను ఏడు పాసై ఎనిమిదిలోకి పోతున్నా. అక్క ఇంటర్‌లో చేరలేదు. నేను హాస్టల్లోనే ఉన్నా, నా చదువుకి ఇంట్లోంచి పెద్దగా ఖర్చు కూడా లేదు, కావాల్సింది రెండు చేతులు. ఆ చేతులు నావి కూడా కావచ్చు. అప్పటినుంచి మిరప తోటలు, తునికాకు, నాట్లు. ఊళ్ళో అందరూ అంటారు, "నీ కోసం అక్క ఎంత త్యాగం చేసిందిరా, మర్చిపోకు" అని. నేను కూడా అదే అనుకుంటూ, కాలేజీలో సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఇమ్మంటే "మై సిస్టర్స్ సాక్రిఫైస్" అని చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నా.

మూడింటికి చర్చి వదిలారు. ఎర్రగడ్డ దాకా నడుచుకుంటూ పోయా. రైతు బజార్ దగ్గర చెరుకురసం బండి పక్కన నిలబడి అక్కకి ఫోన్ చేశా.

"మిరపకాయలు ఏరుతున్నా. చేతులు మంట. తొందరగా చెప్పు" అంది.

"అక్కా, నీ పదో తరగతి అయ్యాక, చదువు మానేస్తావా అని నిన్ను ఎవరైనా అడిగారా?"

ఫోన్‌లో కాసేపు తోటలో ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. తరవాత అంది: "నన్నెవరడిగార్రా. ఒకరోజు పొద్దున లేచేసరికి నా పుస్తకాల సంచిలో అవ్వ విత్తనాలు పోసింది. పుస్తకాలు మంచం కింద ఉన్నాయి. అంతే."

నేనేం మాట్లాడలేదు.

"అడిగితే వద్దనేదాన్నా? అనకపోదును. నాన్న కాలు అట్లా ఉంటే ఎట్లా అంటాను. కానీ అడగాలి కదరా. మేకని కూడా అడుగుతారు."

నాకు గొంతు పట్టేసింది. జాతరలో నా జోకు తను విన్నదని అప్పుడు అర్థమైంది. ఏదో ఒకటి అనాలని, "నాకప్పుడు పదమూడేళ్ళే అక్కా, నాకేం తెలుసు, నువ్వు నీ కాంపాస్ బాక్స్ కూడా నాకిచ్చావ్ గుర్తుందా" అన్నా.

అప్పుడు నవ్వింది. "అది నేనివ్వలేదు. నువ్వే తీసుకున్నావ్."

ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టొచ్చు, ఇక్కడినుంచి నేను ఫారం నింపేస్తా, ఫీజు నేను చూసుకుంటా, హైదరాబాద్ వస్తే అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు కూడా చేయొచ్చు అని గడగడా చెప్పేశా. ఆపమంది. "మళ్ళీ నువ్వే చెప్తున్నావ్. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అదొకటి ఉంది. నాకూ ఇప్పుడు పుస్తకం పడితే కళ్ళు మూతలు పడతాయి. అమ్మకి చెప్పకు, నాన్నకి చెప్పకు. నన్ను ఆలోచించుకోనీ" అని పెట్టేసింది.

పదిహేను రోజులైంది. మధ్యలో రెండుసార్లు మాట్లాడుకున్నాం, ఈ సంగతి తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈస్టర్ రోజు అమ్మ కోడి వండింది, నాన్న కూడా తిన్నాడట, అది చెప్పింది.

ఈ పోస్టు పెట్టే ముందు అక్కకి చదివి వినిపించా. తన పేరు లేకపోతే పెట్టుకో అంది. పేరు లేదు.

ఓపెన్ స్కూల్ సంగతి తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి. 2017లో పది పాసైనవాళ్ళకి ఇంటర్ అడ్మిషన్‌కి మెమో ఒక్కటి చాలా, టీసీ కూడా అడుగుతారా? భద్రాచలం దగ్గర స్టడీ సెంటర్ ఎక్కడుంది? వివరాలు మాత్రమే కావాలి. ఫారం నేను నింపట్లేదు, తను చెప్పేదాకా ఆగుతున్నా.